మా పెదనాన్న, బ్యూత్ షోమోన్ పార్కు

మా యానాంలో చాలా ఇళ్ళకి ఫ్రాన్స్‌లో ఎవరో ఒక చుట్టం ఉంటారు. 1954లో ఊరు భారతదేశంలో కలిసింది, 1962లో ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. మా తాతయ్య తాపీమేస్త్రి, ఊరు విడిచి ఎక్కడికి పోతాం అని ఊరుకున్నారు, అప్పటికి ఇరవై దాటిన పెద్దకొడుకు మాత్రం సంతకం పెట్టేశారు. ఆయనే మా పెదనాన్న. ఫ్రెంచి సైన్యంలో చేసి, బయటికొచ్చాక పారిస్‌లో ఇళ్ళకి నీళ్ళ పైపులు వేసే పనిలో చేరి, అక్కడే రిటైరయ్యారు. నేను పై చదువుకి పారిస్ వెళ్ళేసరికి ఆయన, పెద్దమ్మ నగరానికి ఈశాన్యం మూల, పందొమ్మిదో వార్డులో, నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉండేవారు. నా స్టూడెంట్ గది ఎక్కడో దక్షిణాన. ఆదివారం వచ్చిందంటే వాళ్ళింటికి, అక్కణ్ణించి పార్కుకి.

ఆ పార్కు పేరు బ్యూత్ షోమోన్. పారిస్ చూసొచ్చిన మనవాళ్ళని అడిగితే చాలామంది వెళ్ళలేదనే అంటారు, టూర్ బస్సులు అటు తిరగవు. నాకు మాత్రం ఆ ఊళ్ళో మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. ఇన్నేళ్ళ తర్వాత దాని గురించి రాయాలని కూర్చుంటే పార్కు ముందా, పెదనాన్న ముందా తేలడం లేదు, రెండూ కలిపే రాస్తున్నాను.

ఆదివారం ముందు లా షపెల్ వెళ్ళాలి. గార్ దు నోర్ స్టేషన్ వెనక, శ్రీలంక తమిళుల కొట్లు వరసగా ఉండే పేట అది. కరివేపాకు, బెండకాయలు, ఇడ్లీ రవ్వ, అరటాకులు, అన్నీ అక్కడే. ఆ సంచులతో రెండో లైను మెట్రో ఎక్కి జోరెస్‌లో దిగేవాళ్ళం. అక్కడ లైను మారాలి, కానీ పెదనాన్న ఎప్పుడూ బయటికి తీసుకొచ్చేవారు, కాలవ చూడ్డానికి. జోరెస్ దగ్గర లాకులు ఉన్నాయి. పడవ వస్తే తలుపులు మూసి, నీటిమట్టం ఎక్కించి లేదా దించి, అవతలి తలుపులు తెరుస్తారు. "ధవళేశ్వరంలో చూడలేదూ, ఇదీ అదే" అనేవారు. గోదావరి జిల్లాల వాళ్ళకి లాకుల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు కదా, అయినా ప్రతిసారీ ఆగి చూసేవాళ్ళం. ఆ నీళ్ళు ఊర్క్ కాలవవి. మొదటి నెపోలియన్ కాలంలో, 1802లో ఆయన ఆజ్ఞతో మొదలుపెట్టి, పారిస్‌కి నీళ్ళ కోసం నూరు కిలోమీటర్ల పై దూరం నుంచి తవ్వి తెచ్చారు. ఈ కాలవని గుర్తుపెట్టుకోండి, పార్కులో జలపాతానికి నీళ్ళు దీన్నించే వచ్చాయి.

తర్వాత ఏడు బిస్ అనే చిన్న లైను. బ్యూత్ షోమోన్ స్టేషన్ చాలా లోతు, లిఫ్టులో పైకి రావాలి. దిగగానే ఒకటి గమనించాను, పారిస్‌లో మామూలుగా మెట్రో స్టేషన్‌లో రెండు ప్లాట్‌ఫారాలూ ఎదురెదురుగా కనిపిస్తాయి, ఇక్కడ మధ్యలో మందపాటి గోడ అడ్డం. ఎందుకూ అంటే, ఆ నేలంతా పాత గనులతో గుల్లబారి ఉంది, పైబరువు ఆపడానికి ఆ గోడ కట్టారు. "పైకెళ్ళి పార్కు చూసేముందు కింద ఈ గోడ చూడాలమ్మాయ్, అసలు సంగతి ఇక్కడుంది" అని పెదనాన్న గోడ మీద అరచేత్తో తట్టి చూపించారు. అసలు సంగతేంటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

గేటు దాటి లోపలికి వెళ్తే ముందు ఏటవాలు పచ్చిక బయళ్ళు. ఏటవాలంటే మామూలుగా కాదు, పడుకుంటే జారిపోతామేమో అనిపించేంత. కాస్త దిగితే చెరువు. చెరువు మధ్యలో నిలువుగా లేచిన కొండ, బూడిద తెలుపు రాయి, పగుళ్ళలో చెట్లు. కొండ నెత్తిన గుండ్రటి చిన్న మండపం, చుట్టూ స్తంభాలు. కొండ మీదికి వెళ్ళడానికి రెండు వంతెనలు, ఒకటి 63 మీటర్ల వేలాడే వంతెన, ఐఫెల్ కట్టాడని చెబుతారు, రెండోది ఎత్తుగా 22 మీటర్ల పైన రాతి వంతెన. డెల్టాలో పుట్టినదాన్ని, చదునైన నేల తప్ప ఎరగను. పారిస్ నడిబొడ్డున దేవుడిచ్చిన కొండని ఎంత బాగా కాపాడుకున్నారో అనుకున్నాను, పైకే అన్నాను కూడా.

పెదనాన్న ఏమీ అనలేదు. దారి పక్కన చెట్టుకొమ్మలు అడ్డంగా కట్టినట్టున్న కంచె ఉంది, బెరడు, గంటులు, కొమ్మ నరికినచోట వలయాలు, అన్నీ ఉన్నాయి. దాన్ని వేలి కణుపుతో కొట్టమన్నారు. కొట్టాను. సిమెంటు!

ఆ రోజు నుంచి నా చూపు మారిపోయింది. ఆ పార్కులో తీరిగ్గా చూస్తే సగం పైగా మనిషి చేసిందే. మెట్ల అంచులు కొయ్య దుంగల్లా కనిపిస్తాయి, కాదు. బండలు కొన్ని నిజం, కొన్ని పోత పోసినవి, నిజంవాటి మీద కూడా చాలాచోట్ల సిమెంటు పూత ఉంది.

కథేంటంటే, 1860 దాకా ఆ ప్రాంతం పారిస్‌లో లేదు, బెల్‌విల్, లా విలెట్ అని వేరే ఊళ్ళు, కష్టజీవుల పేటలు. ఈ గుట్టలో శతాబ్దాలుగా జిప్సం తవ్వేవారు. జిప్సం కాల్చి పొడిచేస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, వినాయక చవితికి మనం వద్దు వద్దు అంటూనే కొంటున్న విగ్రహాల ముడిసరుకు, చెయ్యి విరిగితే కట్టే కట్టు. ఆ పేరు ఇలాంటి గుట్టల నుంచే వచ్చింది. తవ్వి తవ్వి వదిలేసిన గుట్ట పక్కన ఊరి చెత్త, మురుగు పోసేవారు, చచ్చిన గుర్రాల కళేబరాలు తెచ్చి పడేసేవారు. ఇంకా పాతకాలంలో ఆ దగ్గర్లోనే మోఫోకోన్ ఉరికొయ్యలు ఉండేవి. బంకమట్టి, జిప్సం కలిసిన ఆ నేలలో గడ్డి కూడా సరిగా మొలిచేది కాదు.

అలాంటి చోటుని మూడో నెపోలియన్ పార్కు చెయ్యమన్నాడు. ఆయన రాజు కాకముందు లండన్‌లో ప్రవాసంలో ఉండి అక్కడి పార్కులు చూసి మురిసిపోయాడట, పారిస్‌కీ కావాలన్నాడు. నగరాన్ని కూలగొట్టి మళ్ళీ కడుతున్న ఓస్మాన్ అధికారి, అల్ఫాన్ ఇంజినీరు, బారియే దెషాన్ తోటల నిపుణుడు, దవియూ ఆర్కిటెక్టు, నీటి సంగతులు చూసింది బెల్‌గ్రాన్. 1864లో పని మొదలైంది. నేల సరిచెయ్యడానికే రెండేళ్ళు. వెయ్యిమంది కూలీలు. గుట్టని మందుగుండు పెట్టి పేల్చి కొండ ఆకారానికి తెచ్చారు. పైన పరచడానికి రెండు లక్షల ఘనపు మీటర్ల మంచి మట్టి కావాల్సొచ్చింది, అది తేవడానికి ప్రత్యేకంగా రైలు పట్టాలు వేశారు. చెరువు తవ్వారు, ఊర్క్ కాలవ నీళ్ళని పంపులతో గుట్ట నెత్తికి ఎక్కించారు. 1867 ఏప్రిల్ 1న, పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన మొదలైనప్పుడే, జనానికి గేట్లు తెరిచారు. దాదాపు 25 హెక్టార్లు, మన లెక్కలో 60 ఎకరాల పైచిలుకు. రాజుగారి ఉద్దేశాలు రాజుగారికి ఉండి ఉంటాయి, చుట్టూ ఉన్న పనివాళ్ళని శాంతంగా ఉంచాలన్న లెక్క కూడా అందులో ఉందని చదివాను. ఏదైనా, కుళ్ళు కంపు కొట్టే గుంట పక్కన బతికే పేదవాళ్ళకి నీడ, నీళ్ళు, పచ్చిక ఉచితంగా దొరికాయి. నాకు అదే పెద్ద విషయం.

ఇక గుహ. దాని గురించి తీరిగ్గా రాయాలి.

చెరువు పక్కనుంచి వెళ్తుంటే ముందు చప్పుడు వినిపిస్తుంది, తర్వాత చల్లదనం తగులుతుంది, ఆ తర్వాతే కనిపిస్తుంది. జిప్సం గని నోరు అది, దాన్ని పెంచి, చెక్కి గుహ చేశారు. వెడల్పు 14 మీటర్లు, ఎత్తు 20 మీటర్లు, అంటే ఆరేడు అంతస్తుల మేడ లోపల పడుతుంది. పైకప్పు నుంచి మర్రి ఊడల్లా పొడుగాటి రాతి కోణాలు వేలాడుతుంటాయి, కొన్ని 8 మీటర్ల దాకా ఉన్నాయి. బొర్రా గుహలు చూసినవాళ్ళకి తెలుసు, సున్నపునీళ్ళు బొట్టు బొట్టుగా కారి వేల ఏళ్ళకి అలాంటివి తయారవుతాయి. ఇక్కడివి మేస్త్రీలు సిమెంటుతో చేసినవి. గుహ పైన ఆకాశం కనిపించేలా కంత ఉంది, లోపల గోడ మీదుగా జలపాతం దూకుతుంది, కింద రాళ్ళ మధ్య పారుతూ బయట చెరువులో కలుస్తుంది. పిల్లలు ఆ రాళ్ళ మీద గెంతుతూ కాళ్ళు తడుపుకుంటారు, తల్లులు కేకలేస్తుంటారు.

పెదనాన్న అక్కడ నిలబడితే కదిలేవారు కాదు. వచ్చినవాళ్ళు జలపాతాన్ని ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవారు, ఈయన తల పైకెత్తి కప్పు చూసేవారు. ఎంతసేపూ తాపీ ఎటునుంచి ఎటు లాగారు, అతుకు ఎక్కడ పడింది, బరువు దేనిమీద ఆపారు, ఇవే. పైకప్పుకి కిందనుంచి సిమెంటు కొట్టడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. సగం మొహానే పడుతుంది. అది కూడా 1860ల్లో, సిమెంటు ఇంకా కొత్త సరుకుగా ఉన్న రోజుల్లో. పార్కు తెరిచిన ఆ 1867లోనే మోనియే అనే తోటమాలి ఇనుప అల్లిక మీద సిమెంటు పూసి చేసే పూలకుండీలకి పేటెంటు తీసుకున్నాడు. మనం ఇవాళ స్లాబు అని పోసేదానికి మూలపురుషుల్లో ఆయనొకడు. ఈ సంగతి పెదనాన్నకి ఎవరో సైటులో చెప్పారట, ఎంతమందికి చెప్పేవారో.

"మీ తాతయ్య చూడాల్సింది అమ్మాయ్" అనేవారు. "యానాంలో గుడి ప్రహరీ మీద ఆయన చేతి నెమళ్ళు చూసేవుగా. ఇటువంటి పని ఇచ్చుంటే ఎలా చేసేవారో."

తాతయ్య నెమళ్ళు నేను చూశాను. తర్వాత ఆ గోడ కొట్టేసి కొత్తది కట్టారు. పెదనాన్నకి ఆ మాట చాన్నాళ్ళు చెప్పలేకపోయాను.

నాకు అక్కడ నిలబడ్డప్పుడల్లా మనసులో మెదిలేది ఒకటే. అల్ఫాన్ పేరుంది, దవియూ పేరుంది, వంతెనకి ఐఫెల్ పేరుంది. ఆ కప్పుకి వేలాడుతూ ఊడలు పోసినవాళ్ళ పేర్లు బోర్డుల మీద లేవు. కానీ వాళ్ళ చెయ్యి అక్కడుంది. కంచె కొమ్మల మీద ఒకచోట బెరడు గీతలు లోతుగా, ఇంకోచోట తేలిగ్గా ఉంటాయి, ఒకే మనిషి గీసినవి కావని పెదనాన్న వేలితో తడిమి చెప్పేవారు. ఇది తొందర మనిషి పని, ఇది నిదానస్తుడిది అని. ఆ తేడా చూడ్డం నాకు ఏ మ్యూజియంలోనూ ఎవరూ నేర్పలేదు. కృత్రిమం కదా, దొంగ కొండ కదా అని నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి చప్పరించేసినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. దొంగతనం ఏముంది అందులో? చెత్తకుప్పని కొండగా నిలబెట్టడం చిన్న పనా? మా కోనసీమ పచ్చదనం కూడా అంతే, కాటన్ దొర ఆనకట్ట, తవ్విన కాలవలు లేకపోతే ఏ పాటి ఉండేదో ఆ ఊళ్ళలో ముసలివాళ్ళని అడగండి.

ఒక ఆదివారం వెళ్ళేసరికి చప్పుడు లేదు. పంపు ఆపేశారు, మరమ్మతు. గుహలో తడి గోడ, అక్కడక్కడ నాచు, పైన నీళ్ళు వచ్చే దారి అంచు. నాకు ఉసూరుమనిపించింది. పెదనాన్నకి మాత్రం పండగ. జేబులోంచి చిన్న టార్చి తీశారు (పైపుల పని చేసినవాళ్ళ జేబులో అది ఎప్పుడూ ఉంటుందేమో), నీళ్ళు ఉన్నప్పుడు కనిపించని అంచులన్నీ వెలుగు వేసి చూపించారు. నీళ్ళు ఒకే ధారగా పడకుండా చీలి పడేలా రాళ్ళని ఎలా పేర్చారో, ఏ రాయి తగిలి చప్పుడు పెద్దదవుతుందో. "ఊరికే వదిలితే నీళ్ళు గోడకంటుకుని జారిపోతాయి, కొండవాగులా వినపడదు. వొలా, ఇదుగో ఈ పెదవి ఉందే, ఇది విసురుతుంది నీళ్ళని" అన్నారు. జలపాతానికి చప్పుడు కూడా కట్టారని అప్పుడు తెలిసింది.

జిప్సం నీటిలో కరుగుతుంది, అదీ చిక్కు. కరిగే రాయి మీద చెరువు, జలపాతం పెట్టారు కాబట్టి ఆ పార్కుకి మరమ్మతు ఎప్పటికీ తప్పదు. ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక దారికి అడ్డుగా కంచె, బోర్డు ఉంటాయి. జనం విసుక్కుంటారు. పెదనాన్న ఆ బోర్డు పూర్తిగా చదివి, ఏ పని చేస్తున్నారో తెలుసుకుని, తృప్తిగా పక్కదారి పట్టేవారు.

పెద్దమ్మకి ఈ సిమెంటు పురాణం అక్కర్లేదు. ఆవిడకి చెరువు పక్కన బెంచీ, థర్మాస్‌లో టీ, చేగోడీలు చాలు. అక్కడ ఎదురుపడే ముసలమ్మలందరితో దోస్తీ, ఒకావిడ పోర్చుగల్, ఒకావిడ అల్జీరియా, ఇంకొకావిడ చైనా, అందరిదీ వచ్చీరాని ఫ్రెంచే, మాటలు మాత్రం ఆగేవి కావు. కార్తీకంలో అక్కడ ఎముకలు కొరికే చలి, ఉసిరిచెట్టు ఊసే లేదు, కాబట్టి మా వనభోజనాలు జూన్‌లో, ఒక పెద్ద చెట్టు కింద ఏటవాలు పచ్చిక మీద. రాత్రి పదింటి దాకా వెలుతురే. పులిహోర, గారెలు, పెరుగన్నం, లా షపెల్ అరటాకులు. పక్క దుప్పటి మీద కూర్చున్నవాళ్ళు వాసనకి తిరిగి చూస్తే పెద్దమ్మ ఆకు చింపి పులిహోర పెట్టి నా చేత పంపేది. ఎవరూ వద్దనలేదు. బదులుగా చెర్రీ పళ్ళు, కేకు ముక్కలు వచ్చేవి. యానాం, కాకినాడ, పుదుచ్చేరి నుంచి వచ్చిన మనవాళ్ళం నాలుగైదు కుటుంబాలు కలిసేవాళ్ళం, పిల్లల్ని బొమ్మలాటకి పంపేవాళ్ళం. గిన్యోల్ అని అక్కడ కర్రతో పోలీసుని బాదే బొమ్మ ఒకటుంటుంది. మన కేతిగాణ్ణి చూసిన పెద్దమ్మ ఆ ఆట చూసి పిల్లలకంటే ఎక్కువ నవ్వేది.

పార్కు అంచున కింద లోయలో పాత రైలు పట్టాలు కనిపిస్తాయి, పారిస్ చుట్టూ తిరిగే చిన్న రైలుది, 1934లో ప్రయాణికుల బళ్ళు ఆపేశారు. పట్టాల మధ్య చెట్లు మొలిచాయి. ఎత్తు వంతెనకి రెండు వైపులా వల బిగించారు, ఒకప్పుడు అక్కణ్ణించి దూకి చనిపోయినవాళ్ళు ఉన్నారు, పెద్దమ్మ ఆ వంతెన ఎక్కేది కాదు. 1871 మే నెలలో పారిస్ పనివాళ్ళు, సామాన్యులు లేపిన కమ్యూన్ తిరుగుబాటుని ప్రభుత్వ సైన్యం అణిచేసినప్పుడు చివరిదాకా ఎదిరించిన చోట్లలో ఇదొకటి, చాలామంది ఇక్కడ చనిపోయారు. పార్కు తెరిచి నాలుగేళ్ళే అప్పటికి. ఆ మేస్త్రీల్లో, కూలీల్లో ఎంతమంది ఆ పోరులో ఉన్నారో అని నేను ఆలోచించేదాన్ని, వాళ్ళ పేటలే కదా చుట్టూ.

కొండ మీది మండపాన్ని ఇటలీలో తివోలీ అనే ఊళ్ళో ఉన్న పాత రోమన్ గుడిని చూసి దవియూ కట్టాడు. అక్కణ్ణించి మోమార్త్ర్ గుట్ట, మీద తెల్లటి చర్చి కనిపిస్తాయి. ఆ కొండలోంచి చెరువు దాకా 173 మెట్లు, కొంతదూరం రాయి లోపలి నుంచే దిగాలి. మొదట్లో పెదనాన్న నాకంటే ముందు దిగేవారు. నా చదువు అయిపోయి ఉద్యోగం దొరికేనాటికి ఆయన మోకాళ్ళు పట్టేశాయి, పై నుంచే చూసి, చుట్టూ తిరిగి వచ్చేవారు. అప్పుడు నాకు పని ఒప్పజెప్పారు. నేను దిగి వెళ్ళి, గుహ చూసి, వచ్చి ఏం మారిందో చెప్పాలి. ఊరికే "బాగుంది" అంటే ఒప్పుకునేవారు కాదు. కుడి పక్క మూడో ఊడ దగ్గర పగులు పెరిగిందా? నీళ్ళు మధ్యలో పడుతున్నాయా, పక్కకి పోతున్నాయా? నాచు గీసేశారా? నాకు ఫోన్‌లో ఫొటో తీసి చూపించడం తేలిక, కానీ ఆయన మాటల్లోనే చెప్పమనేవారు. అలా చెప్పడం కోసం నేను చూడ్డం నేర్చుకున్నాను.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. పెద్దమ్మ ఇప్పుడు కొడుకు దగ్గర వేరే ఊళ్ళో ఉంది. నేను హైదరాబాద్ వచ్చేశాను. మొన్న వేసవిలో ఆఫీసు పని మీద పారిస్ వెళ్ళి, ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, జోరెస్‌లో దిగి నడుచుకుంటూ వెళ్ళాను. పార్కు నిండా కుర్రకారు, చేతుల్లో పుస్తకాలు, సీసాలు, గిటార్లు. ఆ పేట ఖరీదైపోయింది, పాత పనివాళ్ళ కుటుంబాలు చాలావరకు శివార్లకి జరిగిపోయాయని మాకు తెలిసిన ఒక కొట్టాయన చెప్పాడు. అయినా గేటు దగ్గర టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు, 1867 నుంచీ అంతే. పెద్దమ్మకి వీడియో కాల్ చేసి చెరువు చూపిస్తే, వెనకాల కనిపిస్తున్న కొండ కాదు, బెంచీ మీద కూర్చున్నావిడ ఎవరో సరిగా చూపించమంది. ఆ పోర్చుగల్ ఆవిడేమోనని. కాదు.

ఎవరైనా పారిస్ వెళ్తుంటే ఒక పూట దీనికి ఉంచండి. బ్యూత్ షోమోన్ స్టేషన్‌లో దిగండి, లిఫ్టు ఎక్కేముందు ఆ గోడ చూడండి. మండపం దగ్గర మొదలుపెట్టి మెట్ల మీదుగా కిందకి దిగితే తేలిక, మోకాళ్ళు గట్టిగా ఉన్నప్పుడే వెళ్ళండి. చెప్పులు కాదు, పట్టున్న బూట్లు, గుహ దగ్గర రాళ్ళు జారతాయి. చీకటి పడేవేళకి కాపలావాళ్ళు ఈలలు ఊదుతూ అందర్నీ బయటికి పంపిస్తారు, కాబట్టి కాస్త ముందే వెళ్ళండి. వంతెనల్లో ఏదో ఒకటి మరమ్మతులో ఉండొచ్చు, పంపు ఆగి ఉండొచ్చు కూడా. ఆగి ఉంటే వెనక్కి రాకండి, ఫోన్ టార్చి వేసి పైకి చూడండి, నీళ్ళు పడే చోట రాతి పెదవి ముందుకి ఎలా వచ్చిందో అప్పుడే బాగా కనిపిస్తుంది.